మూడో తూము తెరిచిన మాట

కార్తీక శుద్ధ తదియ

ఉదయం పోటు మామూలుగానే ఎక్కి మామూలుగానే దిగింది. ఒకటో తూము, రెండో తూము గొలుసులకు గ్రీజు పెట్టాను. పోయిన తుపానులో కొట్టుకుపోయిన నాలుగో తూము స్తంభం కోసం పడవలో మరోసారి వెతికి వచ్చాం. దొరకలేదు. స్క్రీను, బ్యాటరీ, వైర్‌లెస్ పెట్టె అన్నీ దానితోనే పోయాయి. మునిగిపోయిందని రాసుకోమన్నారు కట్టపెద్ద భూషణరాజు గారు. రాసుకున్నాను.

ఈరోజు వంతు మా అక్క మంగతాయారుది. మా కట్టలో తూము తెరిచే వంతు రోజుకో ఇంటికి వస్తుంది. పోటు తీసి పాటు దిగాక ఆ ఇంటివాళ్లు స్తంభం దగ్గరికి వచ్చి తమ రహస్యపు మాట మీటల మీద కొడితే తలుపు లేస్తుంది. లోపల చేరిన మురుగు సముద్రంలోకి పోతుంది. మళ్లీ పోటు ఎక్కేలోగా మూయించడం తూముల కాపలా చూసే లస్కరుగా నా పని. పోటెక్కితే సముద్రం మా ఇళ్ల కప్పులకన్నా ఎత్తున ఉంటుంది. అందుకని ఆ తాళం ఒక్కరి చేతిలో ఉండకూడదని కట్ట కట్టినవాళ్లు ఈ పద్ధతి పెట్టారు. ఇంటికో మాట. ఇంట్లో ఒక్కరికే తెలియాలి. కట్టుకున్నవాళ్లకు కూడా చెప్పకూడదు.

అక్క కొంగు అడ్డం పెట్టుకుని మీటల మీద వంగింది.

"అటు తిరగరా."

"తిరిగే ఉన్నానక్కా."

వెనకాల గట్టు మీద కూర్చున్న మా బావ దొరబాబు నవ్వాడు. "దానికి నేనంటేనే నమ్మకం లేదు, నువ్వెంత బావా! ఇన్నేళ్ల కాపురంలో ఆ మాటేంటో నాకు చెప్పలేదు. నిద్దట్లో కలవరిస్తుందేమోనని చెవి ఒగ్గి పడుకుంటాను. గురక తప్ప ఏం రాదు."

"నోరు ముయ్యండి," అంది అక్క.

"చూశావా? నాకు దొరికే మాట ఇదొక్కటే. అయినా మీ అక్కాతమ్ముళ్లు చిత్రవయ్యా. మా ఊరి సంగతులు నేను పొద్దస్తమానం చెబుతాను. మీరు ఊరి పేరు కూడా ఎత్తరు. సిగ్గా ఏంటి?"

అక్క కొంగు సర్దుకుని గట్టు దిగింది. నేను గొలుసు చూసుకున్నాను. మా ఊరు మునిగినప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు. పేరు పలకకపోవడానికి నా కారణం నాకుంది. అక్కకు మాత్రం మరుపొచ్చిందని అనుకుంటూ ఉంటాను.

తూములు మూసి ఉన్నాయి.


కార్తీక శుద్ధ పంచమి

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోటు బాగా ఎక్కిన వేళ. రేవు మెట్ల మీద ఆడవాళ్లు గిన్నెలు తోముకుంటున్నారు. ఉన్నట్టుండి మూడో తూము మోటారు మోగింది. ఆ సమయంలో అది ఎప్పుడూ మోగదు. తలుపు బెత్తెడు లేచింది. అంతే సందు. ఆ సందులోంచి సముద్రం లోపలికి పడుతుంటే రేవంతా దద్దరిల్లే మోత. కాలవలోని గిన్నెలన్నీ ఒక్కసారి తేలి పైపేట వైపు కొట్టుకుపోయాయి. ఒక ముసలామె మెట్టు మీంచి జారింది. పక్కామె జుట్టు పట్టుకుని లాగకపోతే ఆమె కూడా గిన్నెల వెంట పోయేది.

మోటారు తీగ పీకేసి, చేతి చక్రం తిప్పి తలుపు దించాను. భుజాలు ఇప్పటికీ నావి కానట్టున్నాయి.

స్తంభం దగ్గర ఎవ్వరూ లేరు. ఈ సంగతి తప్పకుండా రాయాలి. ఎవ్వరూ లేరు. కానీ స్క్రీను మీద ఇలా ఉంది: తెరిచిన ఇల్లు, మంగతాయారు.

ఆ పేరు కింద పొడి కనపడింది. తూములు నడిపే మా మిషను మాటలను ఉన్నవి ఉన్నట్టు దాచుకోదు. నలిపి, గుర్తుపట్టలేని అంకెల వరుసగా మార్చి దాచుకుంటుంది. దాన్నే పొడి అంటాం. ఎవరైనా తలుపు దగ్గర మాట కొడితే దాన్నీ అలాగే నలిపి, రెండు పొడులూ ఒకటైతే తెరుస్తుంది. పొడి ఎవరు చూసినా నష్టం లేదని చెబుతారు. పొడిలోంచి మాట వెనక్కి రాదట. అందుకే దాన్ని ఎవ్వరూ పట్టించుకోరు. నేను పట్టించుకుంటాను, అంకెలు చూడటం నాకు అలవాటు గనక.

మొదట్లో జంట తొమ్మిదులు. మధ్యలో ఒంటరిగా సున్నా. చివర్లో మళ్లీ జంట తొమ్మిదులు.

ఆ వరుస నాకు తెలుసు. నా వంతు వచ్చిన ప్రతిసారీ నా పేరు కింద కనపడేది అదే.


కార్తీక శుద్ధ షష్ఠి

అక్కనూ బావనూ వలల కొట్టంలో కూర్చోబెట్టారు. వాకిట్లో ఇద్దరు కాపలా. రివాజు అందరికీ తెలిసిందే. పోటు వేళ ఏ ఇంటి మాట మీద తూము తెరుచుకుంటే ఆ ఇల్లు కట్ట అవతలికి పోవాలి. అవతల ఉన్నది నీళ్లు. ఒక తెప్ప ఇస్తారు, మూడు బిందెల మంచినీళ్లు ఇస్తారు. ఇంతకుముందు రెండు ఇళ్లు అలా పోయాయి. తిరిగి వచ్చినవాళ్లు లేరు.

భూషణరాజు గారు చెడ్డవారు కారు. అక్క ముందు గొంతుక్కూర్చుని అడిగారు.

"అమ్మా, ఎవరికైనా చెప్పావా? భయపెట్టి చెప్పించుకున్నారా? అలాగైతే చెప్పు, ఆలోచిద్దాం."

"ఎవరికీ చెప్పలేదండి. దేవుడి ముందు కూడా పెదవులు కదిలించలేదండి."

"మరి మిషను అబద్ధం ఆడుతుందా తల్లీ?"

అక్క నా వైపు చూసింది. నేను గోడకున్న వలల వైపు చూశాను.

ఇంటికొచ్చాక నా భార్య రత్నం అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "వదిన అలాంటి మనిషి కాదు. మీరు ఏదో ఒకటి అనొచ్చు కదండీ అక్కడ."

"ఏమనాలి?"

"ఏదో ఒకటి."

పొడి సంగతి తనకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలియలేదు. ఇద్దరి పొడి ఒకటే ఎందుకైందో నాకే తెలియదు. మిషను పొరపాటైతే అక్క బయటపడుతుంది. పొరపాటు కాకపోతే మేం కూడా తెప్ప ఎక్కుతాం.


కార్తీక శుద్ధ అష్టమి

మళ్లీ తెరుచుకుంది. ఈసారి మూరెడు.

సప్తమి నాడు మరమ్మతువాళ్లు మోటారు తీగ కలిపేశారు. తూము తెరవకపోతే మురుగు ఎగదన్నుతుందని పెద్దలు చెప్పారట. ఈరోజు పోటు వేళకు నేను స్తంభం పక్కనే ఉన్నాను. నా కళ్ల ముందే స్క్రీను వెలిగింది. మీటల మీద ఎవరి చెయ్యీ లేదు. అక్షరానికో చుక్క చొప్పున పడి, అక్క పేరు వచ్చి, తలుపు లేచింది. అక్క ఆ వేళ వలల కొట్టంలో కాపలా మధ్య ఉంది.

చక్రం తిప్పుతూ కట్ట మీంచి అవతలికి చూశాను. దూరంగా నీటి అంచున నల్లగా ఒక పడవో, తెప్పల గుంపో. పొగ లేదు, జెండా లేదు. కదలడం కూడా లేదు. తలుపు మూతపడ్డాక మళ్లీ చూస్తే కనపడలేదు.

కింది పేటలో రెండిళ్లలోకి మోకాలి లోతు వచ్చింది. ఉప్పునీరు తగిలి విత్తనాల గదిలో నేల మీదున్నవన్నీ నాశనమయ్యాయి.

అక్క కాపలాలో ఉందిగా అని ఎవరో అంటే, ముందే బయటివాళ్లకు చెప్పేసి ఉంటుందన్నారు. పెద్దలు మూడు తీర్మానాలు చేశారు. అక్క మాటను మిషనులోంచి తుడిచెయ్యాలి. పౌర్ణమి పోటుకు ముందే ఆ ఇంటిని అవతలికి పంపాలి. ఇక ఈ సంగతి ఎవరూ ఎత్తకూడదు. మధ్యాహ్నానికల్లా మాట తుడిచేశారు.

పౌర్ణమి పోటు ఏడాదిలో పెద్దది. ఆ రోజు తూము బారెడు లేస్తే దించడానికి చక్రం దగ్గర మనిషి మిగలడు.


కార్తీక శుద్ధ దశమి

మూడోసారి.

నేను ఒక్కణ్ణే ఉన్నాను. చక్రం పట్టుకునే నిలబడ్డాను కాబట్టి జానెడు లేవకముందే దించగలిగాను. అప్పుడు స్క్రీను చూశాను. అక్క మాట తుడిచేశారు. వంతు లేని వేళ ముందుగా ఏ ఇంటి పొడి సరిపోతే ఆ పేరే మిషను చూపుతుంది కాబట్టి, ఆ పొడి ఉన్న మరో ఇల్లు వచ్చి కూర్చుంది.

తెరిచిన ఇల్లు, గవరయ్య.

నా పేరు. కింద జంట తొమ్మిదులు.

స్క్రీను చెరిపే మీట ఒకటుంది. లస్కర్లకు ఆ అధికారం ఇచ్చారు, ఉప్పు పేరుకుని అక్షరాలు కనపడనప్పుడు శుభ్రం చేయడానికి. దాని మీద వేలు పెట్టాను. ఎంతసేపు పెట్టి ఉంచానో తెలియదు. అన్నం క్యారేజీతో రత్నం వచ్చింది. నా భుజం మీంచి చూసి చదివింది.

"ఇది మన ఇల్లు కదండీ."

నా వేలు ఇంకా మీట మీదే ఉంది.

"మీరు ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"నాకు కూడా చెప్పలేదు. అలాంటిది మీరు ఇంకెవరికో చెప్పారంటే నేను నమ్మను." క్యారేజీ కింద పెట్టింది. "మీరు చెప్పలేదంటే వదిన కూడా చెప్పలేదు. అంతేగా?"

"మనల్నీ పంపేస్తారు రత్నం."

"ఆ వేలు తియ్యండి ముందు."

తీశాను.

"ఆ మాటేంటో నాకు తెలీదు, తెప్ప మాత్రం నేనూ ఎక్కాలి. అందుకని అడిగే హక్కు నాకుంది. మీరు దేన్ని చూసి భయపడుతున్నారు? పంపేస్తారనా, ఇంకేదైనా ఉందా?"

అప్పుడు చెప్పాను, పంచమి నాటి నుంచి దాచుకున్నది. తను మొత్తం విని, క్యారేజీ మళ్లీ చేతికి తీసుకుని, "కస్తూరి గారి దగ్గరికి పదండి. ఆవిడ కూడా ఈ పూట తినుండదు," అంది.

కస్తూరి గారు మిషను గది ఇంజినీరు. చదువుకున్న మనిషి, దగ్గు మనిషి. నేను పంపు బోర్డులు విప్పి బిగించి నేర్చుకున్నదంతా ఆవిడ పారేసిన కాగితాలు చదివి నేర్చుకున్నదే. మేం చెప్పింది విని ఆవిడ ఆశ్చర్యపోలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఇద్దరి పొడి ఒకటైందంటే ఇద్దరి మాటా ఒకటే గవరయ్యా. మిషను తప్పు కాదు."

"అది ఎలా కుదురుతుందండి? అక్కకు నా మాట తెలీదు."

ఆవిడ రత్నం వైపు తిరిగారు. "అమ్మాయ్, మీ ఇంట్లో కారం కొట్టుకుంటే మీ వదిన కారంలాగే ఉంటుందా?"

"ఎలా ఉంటుందండి? మిరపకాయ ఒకటే అయినా ఆవిడ ధనియాలు ఎక్కువేస్తుంది. నేను వెల్లుల్లి వేస్తాను."

"ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ పాటి బుద్ధి లేదు. వట్టి మిరపకాయలే దంచుతుంది. ఒకే మాట ఎన్ని ఇళ్లు పెట్టుకుంటే అన్ని ఇళ్లకూ ఒకే పొడి. ప్రతి ఇంటికీ వేరే దినుసు, అంటే ఏవో కొన్ని అక్షరాలు, కలిపి దంచాలి. ఇది కలపదు. రెండోది, ఎంత పొడుగు మాట ఇచ్చినా ఏడో అక్షరం దగ్గర కోసి రెండు ముక్కలుగా దంచుతుంది. చిన్న ముక్కలు పట్టుకోవడం తేలిక. మూడోది, మహా తొందరగా దంచుతుంది. దొంగకు కావలసింది అదే."

"పొడిలోంచి మాట వెనక్కి రాదు కదండీ?"

"రాదు. రావక్కర్లేదు. తోచిన మాటలన్నీ వాడు తన దగ్గరే దంచి, ఏ పొడితో సరిపోయిందో చూసుకుంటాడు. పొడులన్నీ వాడి దగ్గరుంటే చాలు."

"ఎలా ఉంటాయి?"

అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది. తీగ తెగినా పనిచేయాలని ప్రతి స్తంభంలోనూ అన్ని ఇళ్ల పొడులూ పెట్టి ఉంచుతాం. నాలుగో తూము స్తంభం మునగలేదు. తేలింది. ఎవరికో దొరికింది. దాని బ్యాటరీ ఇంకా బతికే ఉంది. వైర్‌లెస్సూ ఉంది. మాట ఏ స్తంభం నుంచి వచ్చిందో మిషను అడగదు. సరైన మాటయితే చాలు, తెరుస్తుంది.

"ఇదంతా తెలిసి కూడా..." అంది రత్నం.

"తెలుసు. తూము మోటార్లలోని బోర్డులకు ఈ పాత పొడి తప్ప ఇంకోటి అర్థం కాదు. కొత్త పద్ధతి పెడితే తలుపులు లేవవు. బోర్డులు మార్చుకున్నాక చూద్దామన్నారు పెద్దలు, నేనూ సరేనన్నాను." ఆవిడ దగ్గి, నీళ్లు తాగి, అక్క మాట తుడవకముందు తీసిపెట్టిన పట్టీలోంచి స్క్రీను మీద ఇళ్లన్నిటినీ పొడి వరుసన పేర్చారు. ఒకే పొడి ఉన్న ఇళ్లు ఒకచోట చేరాయి.

చూడగానే అర్థమైంది. చూడకుండా ఉంటే బాగుండేది.

నా పేరు, అక్క పేరు, వలలు అల్లే పోలయ్య, రేవు మెట్ల మీద జారిపడ్డ ముసలామె, ఇంకా ఏడెనిమిది ఇళ్లు. అందరం ఒక ఊరివాళ్లం. దాని కింద మరో గుంపు, వాళ్లదంతా మరో ఊరు. ఆ కింద ఇంకో ఊరు. కట్ట మొత్తం మునిగిపోయిన ఊళ్ల వారీగా విడిపోయి నిలబడింది.

కట్టలోకి వచ్చిన మొదటి రోజు, ఎవరికీ చెప్పని మాట ఒకటి అనుకోమన్నారు మమ్మల్ని. ఒంటి మీద గుడ్డలు తప్ప ఏమీ మిగలని రోజు అది. ఎవరికి వారు, పక్కవాడికి తట్టదనుకుని, మునిగిన తమ ఊరి పేరే పెట్టుకున్నాం. పెట్టుకున్నాం కాబట్టి మళ్లీ ఎప్పుడూ పైకి అనలేదు. అక్కకు మరుపు రాలేదు. వంతు వచ్చిన ప్రతిరోజూ కొంగు చాటున ఆ పేరే రాస్తూ వచ్చింది.

"మన ఊళ్ల పేర్లు తెలిసినవాడికి ఇక్కడ ప్రతి తలుపూ తెరుచుకుంటుంది," అన్నారు కస్తూరి గారు. "ఇప్పటిదాకా వాడు చేసింది వట్టి పరీక్ష. బెత్తెడు, మూరెడు. వాడూ పౌర్ణమి కోసమే చూస్తున్నాడు."


కార్తీక శుద్ధ ఏకాదశి

బడి హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. నా పేరు మీద తూము తెరుచుకున్న సంగతి నేనే చెప్పాను. నిలబడి చెప్పడం నాకు చేతకాదు. బెంచీ అంచు పట్టుకుని చెప్పాను. పూర్తయ్యేసరికి నా పక్కన కూర్చున్నవాళ్లు కొంచెం కొంచెంగా జరిగారు. రత్నం జరగలేదు.

"ఇప్పుడు రెండు ఇళ్లన్నమాట," అన్నారు భూషణరాజు గారు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది.

కస్తూరి గారు లేచి, దొంగ ఎలా చేశాడో చెప్పారు. సగంమందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు నమ్మలేదు. "తమ్ముణ్ణీ అక్కనీ కాపాడ్డానికి కట్టిన కథ," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"నా మాట ఊరి పేరు కాదమ్మా. చాలా పొడుగు మాట. అదెవరికి దొరుకుతుంది?" అన్నారు భూషణరాజు గారు.

"ఒక్కసారి పక్కకు రండి రాజు గారూ."

కస్తూరి గారు కిటికీ దగ్గరికి పిలిచి ఆయన చెవిలో ఏదో చెప్పారు. మాట పొడుగుదే. ఆవిడ పెదవులు చాలాసేపు కదిలాయి. దొంగ దంచినట్టే తానూ దంచి ఆయన మాట పట్టుకున్నారట. రాజు గారు కిటికీ ఊచ పట్టుకున్నారు. తిరిగి వచ్చి తన కుర్చీలో కాకుండా పిల్లలు కూర్చునే చాప మీద కూర్చున్నారు.

హాల్లో ఒకరినొకరు చూసుకోవడం మొదలైంది. నేను చూసిన ముఖాల్లో అంత భయం తుపాను రోజున కూడా లేదు. బయటివాడికి తెలిసిందనే కాదు. కస్తూరి గారికీ తెలుసు. నాకూ తెలుసు. పక్కవాడి మాట కూడా తన మాటేనేమో.

కాపలా మధ్య నిలబడ్డ బావ అన్నాడు: "అయితే మా ఆవిడ మాట నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట. ఆయ్, ఇదేం న్యాయవండీ బాబూ!"

ఎవరో ఒకరు నవ్వారు. ఆ నవ్వు పట్టుకుని హాలు ఊపిరి తీసుకుంది. అక్కనూ బావనూ వదిలిపెట్టమని రాజు గారు చాప మీంచే చెయ్యి ఊపారు.

ఇక చేయవలసింది కస్తూరి గారు చెప్పారు. పాత పొడులన్నీ తుడిచేయాలి. ప్రతి ఇల్లూ కొత్త మాట పెట్టుకోవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో దినుసు కలిపి, కోయకుండా, వేలసార్లు నెమ్మదిగా దంచే కొత్త పద్ధతి పెట్టాలి. తప్పు మాట కొట్టినవాడు మళ్లీ కొట్టడానికి కాసేపు ఆగాల్సి రావాలి. బోర్డులు మార్చేదాకా మోటార్లు తీసేసి తూములన్నీ చేతులతోనే తిప్పాలి. పోటూ పాటూ మనుషులే మొయ్యాలి.

చేతులతో తిప్పడానికి ఎవరూ కాదనలేదు. మాట మార్చడానికి కాదన్నారు. మెట్ల మీద జారిన ముసలామె లేచింది.

"నెలకో మాటు ఆ పేరు రాసుకుంటానమ్మా. మా ఇల్లు, మా వాకిలి, మా ఆయన, అంతా ఆ పేరులోనే ఉన్నారు. అదీ తుడిచెయ్యమంటే నాకింకేం మిగులుద్ది?"

కస్తూరి గారు దగ్గు ఆపుకుని నా వైపు చూశారు. నాకు ఒకటి తోచింది. బెంచీ అంచు మళ్లీ పట్టుకున్నాను.

"అది మాటగా ఉన్నన్నాళ్లూ పైకి అనకూడదు కదండీ," అన్నాను. "తీసేస్తే అనొచ్చు."

అంతకన్నా ఎక్కువ చెప్పలేకపోయాను. కూర్చున్నాను.


కార్తీక శుద్ధ త్రయోదశి

రెండు రోజులుగా మోటార్లు విప్పుతున్నాం. మూడో తూముది ముందు తీశాం. ఆ పని జరుగుతుండగా పోటు వేళ రెండో తూము మోగింది. ఈసారి వేరే ఊరి మాట. బావ మోటారు మీదికి దూకి గొడ్డలితో తీగ నరికాడు. అరచెయ్యి కాలింది.

మిషను గది ముందు వరుస కట్టారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి కొత్త మాట పెట్టుకుంటున్నారు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు కావాలన్నారు కస్తూరి గారు. పాట కాకూడదు, పేరు కాకూడదు, దేవుడు కాకూడదు.

"మా ఆవిడ తిట్లు ఒకదానికొకటి పొంతన ఉండవండి. పెట్టెయ్యనా?" అన్నాడు బావ, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ.

"అవి కట్టంతా విన్నవేగా," అన్నారు ఆవిడ. తిట్టుకుంటూనే నవ్వారు.

అక్క లోపల చాలాసేపు ఉంది. వచ్చాక కళ్లు తుడుచుకుని, "నాలుగు మాటలూ గుర్తున్నాయిగానీ ఒక్కటి కూడా నాది కాదురా," అంది.

పాత పొడులు తుడిచేశామని సాయంత్రం కబురొచ్చింది. మోటార్లు లేవు కాబట్టి ఇప్పుడు సరైన మాట కొడితే స్తంభం మీద పచ్చదీపం వెలుగుతుంది. తప్పు మాటకు ఎర్రదీపం. అంతే.

నీటి అంచున ఆ నలుపు ఈరోజు మళ్లీ కనపడింది. దగ్గరికి వచ్చింది.


కార్తీక పౌర్ణమి

స్తంభం దగ్గరే కూర్చుని రాస్తున్నాను. పోటు ఎక్కుతోంది.

తూముకు ఎనిమిదిమంది చొప్పున నిలబడ్డాం. చక్రాలకు గొలుసులు చుట్టాం. మూడో తూము దగ్గర నేను, అక్క, పోలయ్య, ముసలామె మనవరాళ్లు, మరికొందరు. తలుపు అవతల సముద్రం ఆనుకుని ఉంది. ఇనుము చిన్నగా మూలుగుతోంది. సందుల్లోంచి సన్నటి చుక్కలు మొహాన పడుతున్నాయి.

ఇందాక ఎర్రదీపం వెలిగింది.

ఎవరూ మీటలు ముట్టుకోలేదు. అందరం దీపాన్నే చూస్తూ ఉండిపోయాం. ఆరింది. మంచినీళ్లు తాగినంతసేపటికి మళ్లీ వెలిగింది. ఆరింది. మళ్లీ.

"వచ్చాడు," అంది అక్క.

పాత పద్ధతిలో అయితే మొదటి వెలుగుకే తలుపు లేచేది. ఇప్పుడు వాడు ఒక్కో మాటకీ ఆగాలి. ఆగుతున్నాడు. ఓపిక ఉన్నవాడు. నాకు భయం వేస్తున్నది ఆ ఓపికకే. వాడెవరో మాకు తెలియదు. మమ్మల్ని ముంచి ఏం తీసుకుందామనుకున్నాడో తెలియదు. మా ఊళ్ల పేర్లు మాత్రం వాడికి తెలుసు. మాకంటే ముందు అవతలికి పోయిన ఆ రెండిళ్లవాళ్లు తెప్ప మీంచి చెప్పారేమోనన్న ఆలోచన ఒకటి వచ్చింది. వాళ్లు కూడా తప్పు చేసి ఉండరేమో. ఈ ఆలోచన రాజు గారికి చెప్పాలి. చెబుతాను.

దీపం వెలిగింది.

"ఇప్పుడేం కొట్టాడంటావు?" అని అడిగింది అక్క.

"తెలీదక్కా."

"నాకు తెలుసు."

చక్రం మీంచి చేతులు తియ్యకుండానే అక్క మా ఊరి పేరు అంది. మామూలుగా, పక్కింటివాళ్లను పిలిచినట్టు. ముప్పై ఏళ్ల తరువాత ఆ శబ్దం నా చెవిన పడింది. పోలయ్య తల ఎత్తాడు. అతనూ అన్నాడు. గట్టు మీద కంబళి కప్పుకుని కూర్చున్న ముసలామె అంది, మళ్లీ అంది, మనవరాళ్లకు పలకడం నేర్పింది. పక్క తూము దగ్గర్నుంచి మా బావ, "ఓహో, అదా మీ ఊరు! ఆ మాత్రం దానికా ఇంత గుట్టు!" అని కేకేసి, తన ఊరి పేరు అరిచాడు. కట్ట పొడుగునా ఒక్కో తూము దగ్గర ఒక్కో పేరు లేచింది. అవతలివాడికి వినపడినా ఇక నష్టం లేదు.

దీపం ఆగింది. చాలాసేపు వెలగలేదు. వాడు వెళ్లిపోయాడని మనవరాళ్లలో ఒకతె అంది.

మళ్లీ వెలిగింది. ఈసారి నెమ్మదిగా, ఆలోచించి కొట్టినట్టు. ఊరి పేరు కాదు, ఇంకేదో. ఎర్రగానే ఉంది.

పోటు ఇంకా ఎక్కాల్సింది ఉంది. అక్క నన్ను కాగితం మీంచి తల ఎత్తి చక్రం పట్టుకోమంటోంది. ఒక్క ముక్క రాసి లేస్తానన్నాను.

తూములు మూసి ఉన్నాయి. మాది పొన్నతిప్ప.